మహమ్మారి టీకా: బిల్లు ఎవరి పేరున?

2009 అక్టోబర్ మొదటి వారంలో అమెరికా అంతటా ఆసుపత్రులకు, డాక్టర్ల క్లినిక్‌లకు, కౌంటీ ఆరోగ్య కేంద్రాలకు స్వైన్ ఫ్లూ టీకా పెట్టెలు చేరడం మొదలైంది. ఆర్డరు పెడితే తక్కువలో తక్కువ 100 డోసులు వచ్చేవి. వాటికి జతగా సిరంజిలు, సూదులు, స్పిరిట్ దూది, వాడేసిన సూదులు పడేసే గట్టి డబ్బా కూడా అందేవి. వీటిలో దేనికీ క్లినిక్ డబ్బు కట్టనక్కర్లేదు. టీకా మొత్తాన్ని ఫెడరల్ ప్రభుత్వమే కొని, ప్రభుత్వమే పంపింది. అందుకు బదులుగా డాక్టర్లు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టారు. టీకాకు ఎవరి దగ్గరా ధర తీసుకోకూడదు. అయితే వేసిన శ్రమకు, అంటే నర్సు జీతానికి, ఫ్రిజ్ ఖర్చుకు, రికార్డులు రాసే పనికి కొంత రుసుము తీసుకోవచ్చు. అది ఆ ప్రాంతంలో మెడికేర్, అంటే వృద్ధుల ప్రభుత్వ బీమా, చెల్లించే రేటును మించకూడదు. ఊరిని బట్టి కాస్త అటూ ఇటూగా ఆ రేటు 20 డాలర్లు. మందు ఉచితం, సూది గుచ్చినందుకు మాత్రం 20 డాలర్లు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఆ 20 డాలర్లు ఎవరివ్వాలి, ఏ దారిన ఇవ్వాలి అన్న చిన్న ప్రశ్నలో మహమ్మారి కాలపు ఆరోగ్య బీమా సమస్య అంతా ఇమిడి ఉంది.

ఈ ప్రశ్నకు అమెరికా 1976లో ఒక జవాబు చెప్పింది, 2009లో ఇంకొకటి, 2020లో మరొకటి. వాటిని వరుసగా పెట్టి చూస్తే నాకు తేటపడిన విషయం ఇది: మహమ్మారి టీకా ఖర్చులో బీమా కంపెనీలు తమ వాటా పెట్టి తీరాలి. కానీ ఆ డబ్బు మనిషి మనిషికీ, డోసు డోసుకీ విడివిడి క్లెయిములుగా రాకూడదు. తమ దగ్గర పాలసీ ఉన్నవారి సంఖ్యను బట్టి తలకు ఇంత చొప్పున కంపెనీలు ముందే ఒక ఉమ్మడి నిధికి జమ చేయాలి. టీకా వేసే బల్ల దగ్గర బీమా కార్డు ప్రస్తావన రాకూడదు. ఇది పరాయి దేశపు లెక్కల గొడవ అని మనం పక్కన పెట్టలేం. లక్షల తెలుగు కుటుంబాలు ఇవాళ ఆ వ్యవస్థలోనే బతుకుతున్నాయి. పైగా 2009 మే నెలలో మన దేశంలో నిర్ధారణ అయిన తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో బయటపడింది, అదీ అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. అక్కడ టీకా అందక ఆగిన చోట మొదలైన జబ్బు ఇక్కడి గడప దాకా రావడానికి ఒక్క విమానం చాలు.

ముందుగా బీమా స్వభావం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఎవరికి ఎప్పుడు వస్తుందో తెలియని కష్టాన్ని అందరూ కలిసి పంచుకోవడం బీమా. వెయ్యి ఇళ్లలో ఏ రెండు కాలతాయో తెలియదు గనుక వెయ్యిమందీ తలా కొంత వేసుకుంటారు. ఈ లెక్క నిలవాలంటే రెండు షరతులు ఉండాలి. నష్టం ఎవరిదో ముందే తెలియకూడదు, అందరికీ ఒకేసారి రాకూడదు. మహమ్మారి ఈ రెండో షరతును కూలుస్తుంది, ఎందుకంటే అప్పుడు ఊరంతా ఒకేసారి కాలుతుంది. టీకా మొదటి షరతును కూలుస్తుంది, ఎందుకంటే అది అనుకోని నష్టం కాదు, అందరికీ వేయాలని ముందే తేల్చుకున్న పని. దీనికి తోడు టీకా వల్ల కలిగే లాభం వేయించుకున్న మనిషి దగ్గరే ఆగదు. ఒక కంపెనీ తన పాలసీదారుకు టీకా వేయిస్తే, అతని పక్కింట్లో వేరే కంపెనీ పాలసీ ఉన్న గర్భిణికీ, ఏ పాలసీ లేని ముసలాయనకూ జబ్బు సోకే అవకాశం తగ్గుతుంది. ఖర్చు ఒకరిది, లాభం పదిమందిది అయినప్పుడు ప్రతి కంపెనీ పక్క కంపెనీ ముందు ఖర్చు పెట్టాలని చూస్తుంది. ఇందులో దుర్మార్గం వెతకనక్కర్లేదు, వ్యాపార లెక్క అలాగే నడుస్తుంది. కాబట్టి కంపెనీల మంచితనం మీద భారం వేసే ఏ ఏర్పాటూ మహమ్మారిలో గట్టిగా నిలబడదు.

1976 అనుభవం ఈ మాటకు తొలి రుజువు. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో కొత్త రకం స్వైన్ ఫ్లూ కనిపించింది, ఒక సైనికుడు చనిపోయాడు. మార్చి 24న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దేశంలో ప్రతి ఒక్కరికీ టీకా వేయిస్తామని ప్రకటించి 13.5 కోట్ల డాలర్లు అడిగాడు. డబ్బు వచ్చింది, టీకా తయారైంది, కానీ సీసాలు కదల్లేదు. టీకా వల్ల ఎవరికైనా హాని జరిగి కోర్టుకెక్కితే ఆ పరిహారానికి తాము బీమా ఇవ్వలేమని తయారీ కంపెనీలకు బీమా సంస్థలు తేల్చి చెప్పాయి. బీమా లేకుండా టీకా బయటికి పంపబోమని తయారీదారులు అన్నారు. ఇంతలో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజన్ అనే మాజీ సైనికుల సంఘం సభకు వెళ్లినవారు అంతుచిక్కని న్యుమోనియాతో చనిపోవడం, అది స్వైన్ ఫ్లూయేనేమోనని దేశం వణకడం జరిగాయి. చివరికి ఆగస్టు 12న అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి ఆ బాధ్యతను ప్రభుత్వం మీద వేసింది. అక్టోబర్ 1న టీకా మొదలైంది. నాలుగు కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. నరాలు చచ్చుబడే గీయాన్-బారే సిండ్రోమ్ కేసులు బయటపడటంతో డిసెంబర్ 16న ఆపేశారు. వస్తుందనుకున్న మహమ్మారి రాలేదు. ఆ వృథా ప్రయాసను తలుచుకుని నవ్వేవాళ్లు మరిచిపోయే పాఠం ఒకటుంది. కొలవలేని, అందరి మీదా ఒకేసారి పడే ముప్పు ఎదురైతే బీమా మార్కెట్ తనంతట తాను వెనక్కి తగ్గుతుంది. ఆ ఖాళీలోకి ప్రభుత్వం వచ్చి నిలబడక తప్పదు. వేసవిలో వారాల తరబడి జరిగిన ఆ తగవు అసలు మహమ్మారి వచ్చిన ఏడాది జరిగి ఉంటే ప్రతి వారమూ ప్రాణాల లెక్కలో తేలేది.

2009 నాటికి ఆ పాఠం సగమే వంటబట్టింది. హాని జరిగితే పరిహారం సంగతి 2005 నాటి చట్టం చూసుకుంది. టీకా కొనుగోలును ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. మిగిలింది వేసే రుసుము. దాన్ని తమ పాలసీదారుల విషయంలో కంపెనీలు చెల్లిస్తాయని ఆరోగ్య బీమా కంపెనీల సంఘం ముందుగానే భరోసా ఇచ్చింది. అయితే ఆ భరోసా తమతో కాంట్రాక్టు ఉన్న డాక్టర్లకు, క్లినిక్‌లకు వర్తించేది. క్లెయిముల కోసం కొత్త కోడ్‌లు పుట్టాయి. ప్రైవేటు బీమాకు 90470, మెడికేర్‌కు జి9141. ఇంతవరకూ చూస్తే సవ్యంగానే ఉంది. టీకా క్యూలో నిలబడిన మనుషుల వైపు నుంచి చూస్తే గజిబిజి తెలుస్తుంది. 65 దాటినవారికి మెడికేర్ 1993 నుంచీ ఫ్లూ టీకా ఖర్చు పూర్తిగా భరిస్తోంది. పేద పిల్లలకు 1994 నుంచీ ప్రత్యేక ఫెడరల్ పథకం ఉంది. పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌లో ఉన్న పెద్దవాళ్ల సంగతి అప్పట్లో ఆయా రాష్ట్రాల ఇష్టం. పెద్ద కంపెనీ ఉద్యోగికి యాజమాన్యమే సొంతంగా నడిపే ప్లాన్, దాని మీద రాష్ట్ర చట్టాలకు అధికారం లేదు. చిన్న ఉద్యోగికి డిడక్టిబుల్ ఉండేది, అంటే ఏటా మొదటి వెయ్యో రెండు వేలో సొంత జేబులోంచి పెట్టుకున్నాకే బీమా కదులుతుంది. అప్పట్లో దాదాపు 5 కోట్ల మందికి ఏ బీమా లేదు. కౌంటీ శిబిరాల్లో వీళ్లకు ఉచితంగానే వేశారు, కానీ శిబిరం ఎక్కడో, ఏ రోజో వెతుక్కోవాలి. పదేళ్ల లోపు పిల్లలకు రెండు డోసులు గనుక ఆ తిప్పలు రెండుసార్లు.

ఆ వైరస్ ఎవరిని కొట్టిందో చూస్తే ఈ అతుకుల బొంత అసలు లోపం కనిపిస్తుంది. మామూలు ఫ్లూ ముసలివాళ్లను తీసుకుపోతుంది. 2009 నాటి స్వైన్ ఫ్లూ వైరస్ హెచ్1ఎన్1 అలా చేయలేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం తొలి ఏడాదిలో సుమారు 6 కోట్ల మందికి ఆ జబ్బు సోకింది, 2,74,000 మంది ఆసుపత్రి పాలయ్యారు, 12,469 మంది చనిపోయారు. చనిపోయినవారిలో 87 శాతం 65 ఏళ్ల లోపువారు. అందుకే ఆ ఏడాది టీకా ముందు వరుసలో గర్భిణులను, పసిబిడ్డలను చూసుకునేవారిని, వైద్య సిబ్బందిని, ఆరు నెలల నుంచి 24 ఏళ్ల వరకు పిల్లలను, యువకులను, దీర్ఘకాలిక జబ్బులున్న పనివయసు వారిని పెట్టారు. అంటే బీమా వ్యవస్థ ఎవరికి గట్టి గొడుగు పట్టిందో ఆ వృద్ధులు ఆ ఏడాది వెనక వరుసలో ఉన్నారు. ఎవరి గొడుగుకు ఎక్కువ చిల్లులున్నాయో ఆ యువకులు ముందు వరుసలో నిలబడ్డారు. ఏ మహమ్మారి ఏ వయసు మీద పడుతుందో ముందే చెప్పలేం. కాబట్టి వయసునో ఉద్యోగాన్నో రాష్ట్రాన్నో బట్టి అమిరే ఏ రక్షణ అయినా తప్పు మనుషులను కాపాడి కూర్చునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. 2009లో జనాభాలో సుమారు నాలుగో వంతు మాత్రమే టీకా వేయించుకున్నారు. గడువు దాటిన దాదాపు 4 కోట్ల డోసులను మరుసటి ఏడాది కాల్చేశారు. డబ్బు అసలు అడ్డంకే కాదని, జనానికి అక్కర లేకపోయిందని దీన్నిబట్టి వాదించవచ్చు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. కానీ కాలక్రమం చూడాలి. కోడిగుడ్లలో వైరస్ అనుకున్నంత వేగంగా పెరగలేదు. అక్టోబర్ మధ్యకల్లా 4 కోట్ల డోసులకు పైగా వస్తాయనుకుంటే అందులో చిన్న భాగమే వచ్చింది. అక్టోబర్ చివరికల్లా జబ్బు రెండో అల శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టింది. టీకా సమృద్ధిగా దొరికేనాటికి భయం తగ్గింది. ఇంకో సాక్ష్యం ఇంతకన్నా గట్టిది. టీకా దేశమంతా ఒకటే, నిబంధనలూ ఒకటే. అయినా 2010 జనవరి చివరికి రోడ్ ఐలండ్ రాష్ట్రంలో దాదాపు 85 శాతం పిల్లలకు టీకా అందితే జార్జియా రాష్ట్రంలో 21 శాతం పిల్లలకే అందింది. రోడ్ ఐలండ్ బడుల్లోనే శిబిరాలు పెట్టింది. పిల్లవాడు ఎక్కడ ఉంటాడో అక్కడికే టీకా వెళ్లింది. ఆ తేడాకు ఇదొక్కటే కారణమని నేననను, ఆ రాష్ట్రం చిన్నది, ఆరోగ్య శాఖకు జనంతో దగ్గర సంబంధం ఉంది. కానీ ఆ రాష్ట్రంలో అప్పటికే ఒక ఏర్పాటుంది. బీమా కంపెనీల నుంచి ముందుగా సొమ్ము వసూలు చేసి, దానితో పిల్లలందరి టీకాలూ రాష్ట్రమే కొనే పద్ధతి అది. ఎవరికి ఏ బీమా అన్న ప్రశ్న లేకుండా టీకాలు వేయడం వాళ్లకు అలవాటైన పని. అక్కర ఉందా లేదా అన్నది టీకా ఎంత దగ్గరకు, ఎంత సులువుగా వచ్చిందన్న దానిమీద కూడా ఆధారపడుతుందని ఈ రెండు అంకెలూ చెబుతున్నాయి.

2010 మార్చిలో వచ్చిన ఒబామా ఆరోగ్య చట్టం చాలా దూరం తీసుకెళ్లింది. నిపుణుల సలహా సంఘం ఏసీఐపీ సిఫారసు చేసిన టీకాలకు కోపే (ప్రతిసారీ చేతి నుంచి కట్టే సొమ్ము), డిడక్టిబుల్ లేకుండా ప్రైవేటు ప్లాన్‌లు పూర్తిగా చెల్లించాలంది. మామూలు ఫ్లూ టీకా వరకు అది పెద్ద మేలు. మహమ్మారి లెక్కలో చూస్తే మూడు సందులు మిగిలాయి. కొత్త సిఫారసు వచ్చాక దాన్ని అమలు చేయడానికి ప్లాన్‌లకు ఏడాదికి పైగా గడువుంది, మహమ్మారి అల అన్నాళ్లు ఆగదు. ఈ నియమం బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ల దగ్గర పనిచేస్తుంది, స్టేడియంలోనో చర్చి ఆవరణలోనో పెట్టిన శిబిరం ఎవరి నెట్‌వర్క్‌లో ఉంటుంది? ఇక పాత ప్లాన్‌లు, కొద్దికాలపు ప్లాన్‌లు ఈ చట్టానికి బయట ఉన్నాయి. మనవారికి బాగా తెలిసిన సందు కూడా ఇక్కడే ఉంది. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో ఆరు నెలలకని వెళ్లే అమ్మానాన్నలకు పిల్లలు విజిటర్ ఇన్సూరెన్స్ కొంటారు. ఆ పాలసీలు సాధారణంగా హఠాత్తుగా వచ్చే జబ్బుకు, ప్రమాదానికి మాత్రమే. టీకాల వంటి నివారణ వైద్యం వాటిలో ఉండదు. 65 దాటిన మనిషి, బీపీ షుగర్ ఉన్న మనిషి, చంటిబిడ్డను రోజంతా ఎత్తుకునే మనిషి ఆ దేశపు బీమా లెక్కల్లో ఎక్కడా లేకుండా ఆ ఇంట్లో ఉంటుంది. వైరస్ వీసా చూడదు గనుక టీకా కూడా చూడకూడదు.

కొవిడ్ వచ్చేసరికి అమెరికా తన చరిత్రలో ఎన్నడూ లేనంతగా సరైన జవాబుకు దగ్గరగా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి నడిచింది. 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం కొవిడ్ టీకాకు సిఫారసు వచ్చిన 15 పనిదినాల్లోనే బీమా కంపెనీలు చెల్లించడం మొదలుపెట్టాలంది. టీకా కొనుగోలు ప్రభుత్వానిది. బీమా ఉన్నా లేకపోయినా ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయకూడదని క్లినిక్‌ల నుంచి ఒప్పందం తీసుకున్నారు. వేసినందుకు మెడికేర్ మొదట రెండు డోసులకు 16.94, 28.39 డాలర్లు ఇచ్చి, అది చాలదని గ్రహించి 2021 మార్చి 15 నుంచి డోసుకు సుమారు 40 డాలర్లు చేసింది. బీమా లేనివారి తరఫున క్లినిక్‌లకు చెల్లించడానికి ఒక ఫెడరల్ నిధి పెట్టారు. అయినా ఫార్మసీ కౌంటర్ దగ్గర బీమా కార్డు అడుగుతూనే వచ్చారు, అది చూసి డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని జంకినవాళ్లు ఉన్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ 2022 ఏప్రిల్ 5న తగిలింది. కాంగ్రెస్ కొత్తగా డబ్బివ్వకపోవడంతో బీమా లేనివారి నిధి ఆ రోజు నుంచి టీకా క్లెయిములు తీసుకోవడం మానేసింది. ఎవరి దగ్గరా వసూలు చేయకూడదన్న నియమం మాత్రం అప్పటికి అలాగే ఉండిపోయింది. అంటే బీమా లేని పేదవాడికి టీకా వేసిన ప్రతిసారీ క్లినిక్ తన జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో టీకా పూర్తిగా మార్కెట్‌కు వెళ్లింది. ఇంకో మాట, ఆ 15 పనిదినాల నియమం రాసింది కరోనా వైరస్ కోసమే. రేపు వచ్చేది ఫ్లూ మహమ్మారి అయితే ఆ వాక్యం దానికి వర్తించదు.

ప్రభుత్వమే అంతా భరిస్తే సరిపోదా, బీమా కంపెనీలను మధ్యలోకి లాగడం ఎందుకన్నది రెండో అభ్యంతరం. 2022 ఏప్రిల్ 5 దీనికి జవాబు. ఏటేటా చట్టసభ దయ మీద వచ్చే డబ్బు, భయం ఉన్నన్నాళ్లే వస్తుంది. అదీగాక టీకా వల్ల మిగిలే డబ్బు ఎవరి ఖాతాలో మిగులుతుందో చూడాలి. 2009లో ఆసుపత్రి పాలైన 2,74,000 మందిలో అధికభాగం పనివయసు వారు, పిల్లలు. వాళ్లలో ప్రైవేటు బీమా ఉన్నవారి ఆసుపత్రి బిల్లులు బీమా కంపెనీలే కట్టాయి. ఒక్క ఐసీయూ బిల్లు తప్పితే వందల టీకాల రుసుము తేలిపోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా చేసే పనిలో, గొడ్డలి ఖర్చు తప్పించుకునేవాడు గోటి ఖర్చులో వాటా ఇవ్వడం న్యాయం. ప్రీమియంలు పెరుగుతాయన్న భయమూ నిలబడదు. 2009 నాటి అమెరికా జనాభా సుమారు 30 కోట్లు. ప్రతి ఒక్కరికీ 20 డాలర్ల చొప్పున లెక్కవేసినా 600 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ఆ దేశం ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చు దాదాపు 2.5 లక్షల కోట్ల డాలర్లు. వెయ్యి రూపాయల్లో రెండున్నర రూపాయల కన్నా తక్కువ, అదీ దశాబ్దాలకోసారి.

మూడో అభ్యంతరం నీతికి సంబంధించినది. కొంతైనా చేతి నుంచి పెట్టుకుంటేనే మనిషికి విలువ తెలుస్తుందని, ఉచితమైతే వృథా చేస్తారని అంటారు. అనవసరమైన మందులకో పరీక్షలకో ఈ మాట కొంత వర్తించవచ్చు. టీకాకు వర్తించదు, ఉచితమని ఎవరూ నాలుగు సూదులు అదనంగా గుచ్చించుకోరు. అమెరికాలో 1970లలో మొదలైన ర్యాండ్ సంస్థ బీమా ప్రయోగం తేల్చిందేమిటంటే, చేతి నుంచి పెట్టాల్సి వచ్చినప్పుడు జనం అక్కర్లేని వైద్యంతోపాటు అక్కరున్న వైద్యాన్నీ మానుకుంటారు. దీనికి మన దేశంలోనే కళ్లెదుటి ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 10 నుంచి 18–59 ఏళ్లవారికి కొవిడ్ మూడో డోసు ప్రైవేటు కేంద్రాల్లో డబ్బుకు ఇచ్చారు. టీకా ధర 225 రూపాయలకు దించారు, సేవా రుసుము 150కి మించకూడదన్నారు, పన్నుతో కలిపి మహా అయితే 386 రూపాయలు. మూడు నెలలు గడిచినా 77 కోట్ల అర్హుల్లో ఒక్క శాతం మంది కూడా వేయించుకోలేదు. జులై 15 నుంచి 75 రోజులపాటు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమనగానే కోట్ల డోసులు పడ్డాయి. డోసుల మధ్య గడువు తొమ్మిది నెలల నుంచి ఆరుకు తగ్గించడమూ అందులో పనిచేసింది, నిజమే. కానీ ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకడానికీ, పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి దాదాపు నాలుగు వందలు కట్టడానికీ మధ్య తేడాను దినకూలీ మీద బతికే ఇంటికి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

మన బీమా పథకాల తీరు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, కుటుంబానికి 5 లక్షల వరకు ఇచ్చే 2018 నాటి ఆయుష్మాన్ భారత్ గానీ ఆసుపత్రిలో చేరాకే మనిషిని చూస్తాయి. మామూలు ప్రైవేటు పాలసీల్లోనూ కుక్కకాటు వంటి సందర్భాలు తప్పిస్తే టీకా ఖర్చు ఉండదు. ఫ్లూతో ఊపిరితిత్తులు దెబ్బతిని వెంటిలేటర్ ఎక్కితే లక్షలు చెల్లించే వ్యవస్థ, ఆ ఫ్లూ రాకుండా ఆపే సూదికి వందలు చెల్లించదు. మన దగ్గర పిల్లల టీకాలను 1985 నుంచీ సార్వత్రిక టీకా కార్యక్రమం మోస్తోంది కాబట్టి ఈ లోటు పెద్దగా బాధించలేదు. పెద్దవాళ్లకు వేయాల్సిన మహమ్మారి టీకా వచ్చినప్పుడు బాధిస్తుంది, 2022 వేసవిలో ఆ నొప్పి తెలిసింది.

మరి సరైన ఏర్పాటు ఎలా ఉండాలి? దాని నమూనా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 2002లో ఒక వ్యాక్సిన్ అసోసియేషన్ పెట్టింది. బీమా కంపెనీలు, సొంత ప్లాన్‌లు నడిపే యాజమాన్యాలు తమ దగ్గర నమోదైన పిల్లల సంఖ్యను బట్టి దానికి సొమ్ము కడతాయి. ఆ సొమ్ముతో రాష్ట్రం ఫెడరల్ కాంట్రాక్టు ధరకు టీకాలు కొని డాక్టర్లందరికీ ఉచితంగా పంపుతుంది. మెయిన్, వెర్మాంట్ కూడా ఈ దారిలో నడిచాయి. దీనివల్ల ఏం మారుతుందో ఒక పిల్లల డాక్టరు ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే తెలుస్తుంది. మిగతా చోట్ల ఆ ఫ్రిజ్‌లో ఒకే టీకాకు రెండు అరలుంటాయి. ఒకటి ప్రభుత్వం పేద పిల్లలకిచ్చినది, రెండోది డాక్టరు కొనుక్కున్నది. ఒక అరలోది తీసి ఇంకో అర పిల్లవాడికి వేస్తే లెక్క తప్పుతుంది. నర్సు సూది తీసే ముందు పిల్లవాడి తండ్రి ఉద్యోగమేమిటో తెలుసుకోవాలి. ఉమ్మడి నిధి ఉన్న చోట ఒకే అర చాలు. మహమ్మారి కాలానికి ఈ నమూనాను మూడు వైపులా పెంచాలి. పిల్లలతోపాటు పెద్దలనూ చేర్చాలి. టీకా ధరతోపాటు వేసే రుసుమునూ చేర్చాలి. నిధిని మామూలు ఏళ్లలోనే పోగుచేసి, ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించిన రోజునే తాళం తెరవాలి. క్లినిక్ క్లెయిము రాయనక్కర్లేదు. ఏ టీకా, ఏ తేదీన, ఎవరికి వేశారో రాష్ట్ర టీకా రిజిస్టర్‌లో ఎలాగూ నమోదు చేయాలి. ఆ నమోదే బిల్లుగా పనిచేయాలి. బడిలోనో, బస్టాండ్‌లోనో, గుడి మండపంలోనో ఎక్కడ వేసినా డబ్బు ఒకే రేటున, ఒకే చోటు నుంచి అందుతుంది. కంపెనీల మధ్య పోటీకీ దెబ్బ తగలదు, ఎందుకంటే అందరూ తమ సభ్యుల సంఖ్యను బట్టి సమానంగా కడతారు, ఒకరి పుణ్యం మీద ఇంకొకరు బతికే వీలుండదు.

ఇది ఇప్పుడే ఎందుకు చేయాలన్నదానికి 2025 ఒక హెచ్చరిక ఇచ్చింది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ ఏసీఐపీలోని 17 మంది సభ్యులనూ ఒక్కసారిగా తొలగించారు. బీమా కంపెనీలు ఏ టీకాకు చెల్లించాలన్నది ఆ సంఘం సిఫారసుతోనే ముడిపడి ఉంది కాబట్టి కోట్లమంది బీమా హక్కు ఒక్క రోజులో ప్రశ్నార్థకమైంది. 2025 సెప్టెంబర్ 1 నాటికి సిఫారసులో ఉన్న టీకాలన్నిటికీ 2026 చివరి వరకు చెల్లిస్తామని బీమా కంపెనీల సంఘం ప్రకటించింది. అది మెచ్చుకోవాల్సిన మాట. కానీ అది మళ్లీ 2009 నాటి భరోసా వంటిదే, ఇచ్చినవారి ఇష్టం మీద నిలబడేది. పైగా అప్పటికి ఉన్న టీకాల గురించి ఇచ్చిన మాట, ఇంకా పుట్టని మహమ్మారి టీకా దాని కిందికి రాదు. ఇంకోపక్క 2024 మార్చి నుంచి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఆ దేశపు పాడి ఆవుల్లో కనిపిస్తోంది. మనుషుల్లో పదుల కొద్దీ కేసులు నమోదయ్యాయి, 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు. అది మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం మొదలైతే టీకా తయారీకే నెలలు పడతాయి. ఆ నెలల్లో రుసుము ఎవరిదన్న తగవు కూడా పెట్టుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వబోయినట్టే.

ఉమ్మడి నిధులున్న రాష్ట్రాల్లో చేయాల్సింది పెద్ద విప్లవమేమీ కాదు. ఉన్న చట్టంలో పిల్లలు అన్న చోట అందరూ అని, టీకా ధర అన్న చోట ధరా రుసుమూ అని మార్చి, అత్యవసర పరిస్థితిలో నిధి తెరుచుకునే నిబంధన చేర్చాలి. మిగతా రాష్ట్రాలు ఆ చట్టాన్నే అరువు తెచ్చుకోవచ్చు. సొంత ప్లాన్‌లు నడిపే యాజమాన్యాలు తప్పించుకోకుండా కాంగ్రెస్ ఒక వాక్యం రాయాలి. మన దగ్గర ఆరోగ్యశ్రీ వంటి పథకాలు నడిపేవారు తాము చెల్లించే ఆసుపత్రి బిల్లుల్లోంచి చిన్న వాటా తీసి పెద్దల టీకాల నిధిగా పక్కన పెట్టవచ్చు. ఇవన్నీ జబ్బు లేని ఏడాదిలో, తలలు చల్లగా ఉన్నప్పుడు చేయగలిగే పనులు. అవి చేసిపెట్టుకుంటే మళ్లీ ఆ పెట్టెలు వచ్చిన రోజున టీకా బల్ల దగ్గర కూర్చున్న నర్సు వచ్చినవారి వయసు, అలర్జీలు అడిగి, చెయ్యి చాపమంటుంది. బిల్లు సంగతి అప్పటికే ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.